తెనాలి తెర మీద రాజమాత

బాపట్ల,
20-11-1967.

రేపల్లెలో ఉన్న రామకోటి గారికి, చలపతి చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. నేనూ, మా అమ్మా కులాసా. మీరూ, వెంకటరత్నమ్మ గారూ, పాపా చల్లగా ఉన్నారనుకుంటాను.

ఇక కుశలాలు చాలు, చెయ్యి ఆగడం లేదు! నిన్న తెనాలిలో మాట్నీకి వెళ్ళి నన్ను నేను తెర మీద చూసుకున్నాను!

వేసవిలో మద్రాసు వెళ్ళానని మీకు తెలుసు. ఎందుకో చెప్పలేదు. రాజుల కథతో సినిమా తీసేవాళ్ళు నటులకు నడక నేర్పడానికి నాటకాలవాళ్ళు కావాలంటే, మన సమాజం పున్నారావు గారు నా పేరు చెప్పారు. కథలో, కొడుకు లేని రాజు తన కూతుర్ని కొడుకని లోకాన్ని నమ్మించి పెంచుతాడు. ఆ యువరాజు మంత్రి కూతుర్ని ప్రేమిస్తాడు. పట్టాభిషేకం ముందు ఆమెకు నిజం చెప్పాలి. ఆ ఘట్టం యువరాజు వేషం వేసిన హీరోయిన్‌కి ఎంతకీ కుదరలేదు. పదకొండుసార్లు తీశారు. డైరెక్టరు విసుక్కుని బయటికి పోయారు. పాపం, ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేనే దగ్గరికెళ్ళాను. "మీరు మగవేషం కట్టిన ఆడపిల్లలా చేస్తున్నారమ్మా. ఆ మనిషికి అది వేషం కాదండి. లోపలున్నది అదే. పైనున్న ఒళ్ళే వేషం" అన్నాను.

ఇదంతా మీకెలా తెలుసండీ అని అడిగింది.

"నాది దానికి తిరగేసిన కథ" అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఎవరి దగ్గరా అనని మాట, ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆవిడ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని లేచింది. ఈసారి ఒక్కసారికే షాటు ఓకే! లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

మర్నాడు రాజమాత వేషం కట్టాల్సినావిడకు జ్వరం. నా చేత వేయించమని హీరోయినే పట్టుబట్టిందట. మేకప్ చేసినావిడ నగలు సర్ది, "రామ్మా, షాటు రెడీ" అంది. మన నాటక సమాజంలో పన్నెండేళ్ళు మీరు రాజు, నేను రాణి. అయినా తెర పడగానే నేను "ఒరే చలపతీ"నే కదా! అక్కడ భోజనాల దగ్గర కూడా అందరూ అమ్మా అనే పిలిచారు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను, ఆ పిలుపు మళ్ళీ వినాలని.

నిన్న అమ్మకు ఏమీ చెప్పకుండానే సినిమాకు తీసుకెళ్ళాను. నిజం బయటపడి దర్బారంతా యువరాజును తప్పుపడుతుంటే, నేను సింహాసనం దిగొచ్చి, "నా బిడ్డ ఎవరో నా బిడ్డే చెప్పాలి" అంటాను. చివర్లో ప్రేమికులిద్దర్నీ విడదీశారు. ఆడవాళ్ళు ఏడ్చారు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

తెనాలి స్టేషన్లో బండి కోసం కూర్చున్నాం. అమ్మ నా వైపు తిరిగి కూర్చుంది. తర్వాత మెల్లిగా, "ఆ రాణి నువ్వే కదూ?" అంది.

అవునన్నాను.

"కుచ్చిళ్ళు సరిగ్గా రాలేదే. ఎవరు కట్టారేంటి?" అంది.

ఇవాళ పొద్దున్న పెట్టె తీసి, తన చేత్తో నేసిన ఆకుపచ్చ చీర నా ఒళ్ళో పెట్టింది. కట్టుకోవడం దగ్గరుండి నేర్పింది. ఇప్పుడు ఆ చీరలోనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను!

మీ క్షేమం కోరే,
చలపతి.

తా.క.: ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను. గొంతు పాడైందని చెప్పి సమాజం మానేశాను గానీ, నా గొంతుకు ఏమీ కాలేదు. పెనుమూడి ఊళ్ళో వేసిన నాటకంలో తెర పడ్డాక కూడా మీరు నా చెయ్యి వదల్లేదు. నేనూ వదిలించుకోలేదు. పక్కకు చూస్తే, వెంకటరత్నమ్మ గారు పాపను ఎత్తుకుని మీకోసం నిలబడి ఉన్నారు. ఆవిడకు అన్యాయం చెయ్యలేక మానేశాను. మీరంటే నాకున్నది ఏనాడూ నటన కాదండి. గురువారం మద్రాసు వెళ్ళిపోతున్నాను, ఇక అక్కడే పని. ఈ మాట చెప్పకుండా రైలెక్కడం నా వల్ల కాలేదు. మొదటి కాగితం ఆవిడకు చదివి వినిపించండి. దీన్ని మాత్రం పొయ్యిలో వేసెయ్యండి.