ఎర్రదాని గిట్టలు

నాన్నా,

కోప్పడతావని ఇరవై రోజులుగా రాయలేదు. మా కాపలా గుర్రం ఎర్రదానికి నువ్వు కొట్టిన లాడాలు నేనే తీయించేశాను. ఇక్కడే ఆపించకుండా ఉత్తరం చివరిదాకా చదివించుకో.

"కుంటిగుర్రం అడవి కాపలాకేం పనికొస్తుంది, అమ్మేద్దాం" అన్నారు ఆఫీసరుగారు. లాడాల బిగువుకు గిట్ట ముడుచుకుపోయి కుంటుతోందని, అవి తీసేస్తే తనంతట తానే విచ్చుకుంటుందని పశువుల డాక్టరమ్మ చెబితే, నేను నెల గడువు అడిగాను. "నాలుగు ముక్కలు చదివి నాకే పాఠాలా?" అంటావు, తెలుసు.

ఇప్పుడు కుంటు తగ్గింది. నిన్న రాళ్ళమీద నడిచినా చప్పుడు కాలేదు, వాగు దగ్గర లేళ్ళు తలైనా ఎత్తలేదు.

కానీ గిట్టల అంచులు ఎగుడుదిగుడుగా పెరుగుతున్నాయి. అరగదీయబోతే ఎవరికీ కాలివ్వడం లేదు. నీకైతే ఇస్తుంది. గడువు పది రోజులే ఉంది, ఆదివారం రా నాన్నా. సుత్తి ఇంట్లోనే ఉంచి, ఆకురాయి ఒక్కటే తెచ్చుకో.

నీ పెద్దది