కుంపటి సెగ తగలని నగలు

ఆలేరు,
శ్రావణ మాసం, 1963

ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ శ్యామల నమస్కారాలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. మీ అల్లుడు బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. మేలిమి బంగారంతో నగలు చేయొద్దని సర్కారు చట్టం తెచ్చినప్పటి నుంచి మా దుకాణం తలుపు తీయనేలేదు. ముక్కుపుడక మీద పువ్వు చెక్కిన చేతులు అవి. సాయంత్రం ఆ అరచేతులు చూస్తే ఒళ్లు మండిపోతుంది. ఎవరిని తిట్టాలో తెలియక ఆ కోపం గిన్నెల మీద చూపిస్తాను.

ఒక సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నువ్వు అతుకు పెట్టేటప్పుడు కట్టే ఇనుప తీగ ముక్కలు ఏరుకొని జొన్న పుల్లకు చుట్టేదాన్ని, గుర్తుందా? ఆ పిచ్చి నాకు పోలేదు. కాలిపోయిన బావి మోటార్లలోని రాగి తీగ తెచ్చి జుంకీలు, మెడ దండలు అల్లుతున్నాను. గాజుల దుకాణం బాబా మియా తీసుకుంటున్నాడు. గుట్టకు పోయే యాత్రికులు ఇష్టంగా కొంటున్నారట. మా పొయ్యి ఇప్పుడు దాంతోనే వెలుగుతున్నది.

అమ్మకు ఒక జత పంపుతున్నాను. నువ్వూ చూసి, బాగుందని ఒక్క మాట రాయి.

నీ జవాబు కోసం చూసే,
శ్యామల

కల్వకుర్తి,
భాద్రపదం

చిరంజీవి శ్యామలకు,

నీ జుంకీలు అందాయి. అందకపోయినా బాగుండేది. కుంపటి సెగ తగలనిదాన్ని నగ అంటారా? అతుకు లేదు, మెరుగు లేదు. మెలితిప్పి వదిలిపెట్టావు. ఆడవాళ్లు కుంపటి ముందు కూర్చోకూడదన్నది మన ఇంటి కట్టుబాటు. నువ్వు కుంపటే అక్కరలేని పని కనిపెట్టి దాన్ని వెక్కిరిస్తున్నావు.

నిన్న బజారులో నూనె దుకాణం పెద్దులు నలుగురి ముందు అడిగాడు. “ఏం గుర్వాచారీ, నీ బిడ్డ రాగి నగలు అమ్ముతాందట గద?” నేను తల ఎత్తలేకపోయాను. ఈ ఊళ్లో ఎన్ని మెడల్లో ఉన్న పుస్తెలు ఈ చేతులతో చేసినవో నీకు తెలియదా? మీ అమ్మ ఆ జుంకీలు పెట్టుకొని అద్దం ముందు నిలబడ్డది. తీయించాను.

పని ఆపు. ఆపేదాకా నాకు ఉత్తరం రాయకు.

నీ తండ్రి,
గుర్వాచారి

ఆలేరు,
మాఘం, 1964

ప్రియమైన బాపుకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇన్ని నెలలు నోరు మూసుకున్నది నీ మీద గౌరవంతో. ఇక నావల్ల కాదు.

పుస్తెలు చేసిన ఇల్లు అన్నావు. ఆ ఇంట్లో ఇప్పుడు ఏం చేస్తున్నారు? కుంపటిలో పిల్లి పడుకుంటున్నదని దసరాకు వచ్చినప్పుడు తమ్ముడు ఐలేశమే చెప్పాడు. చట్టం చేసినవాళ్ల మీద చూపలేని కోపం నా మీద చూపిస్తే ఎట్లా? కట్టుబాటు నేను దాటలేదు. కుంపటి ముందు కూర్చోవద్దన్నారు, కూర్చోలేదు. కూర్చోకుండానే బతికే దారి వెతుక్కున్నాను.

బాబా మియా శివరాత్రికి ఎన్ని అల్లితే అన్ని ఇమ్మన్నాడు. ఆడవాళ్లు వచ్చి ‘శ్యామలమ్మ జుంకీలు’ అనే అడుగుతున్నారట. నా పేరు బజారులో వినబడితే నీకు నామోషీ. నాకైతే ఆ మాట విన్న రోజు ఇంకో ముద్ద ఎక్కువ తినబుద్ధయింది.

అమ్మ జుంకీలు అమ్మకు ఇచ్చెయ్. అవి నీవి కావు.

మొండిదే అయినా నీ బిడ్డ,
శ్యామల

కల్వకుర్తి,
ఫాల్గుణం

చిరంజీవి శ్యామలకు ఆశీస్సులు,

నీకు నోరు ఎక్కువైంది. నా బిడ్డవే కాబట్టి ఓర్చుకుంటున్నాను.

ఐలేశం నీ దగ్గర చూసివచ్చి ఇక్కడ అల్లి చూశాడు. చెవికి పెట్టగానే ముడి జారిపోతున్నది. నేనూ ఆలోచించాను. రాగి అయితేనేం, నగ పని నగ పనే. అది మగవాడు దుకాణంలో కూర్చొని చేయాల్సింది. మొన్న ఆలేరు వచ్చి బాబా మియాతో మాట్లాడాను. ఉగాది నుంచి సరుకు ఐలేశం పేరుతో వస్తుందని చెప్పాను. రైలు వేళయింది, మీ ఇంటికి రాలేకపోయాను.

ఐలేశాన్ని పంపుతాను. ముడి జారకుండా ఎట్లా వేస్తావో వాడికి చూపించి, ఇక నువ్వు ఇల్లు చూసుకో. ఆడపిల్లకు నేర్పితే విద్య ఇంకో ఇంటికి పోతుందనే మన పెద్దలు నేర్పలేదు. వాడికి పెళ్లీడు వచ్చింది, చేతిలో పని లేదు. అక్కవు, నువ్వు కాకపోతే ఎవరు చూస్తారు?

నీ మేలు కోరే,
బాపు

ఆలేరు,
ఉగాది ముందు

బాపుకు,

ప్రియమైన అని రాయబోయి ఆగాను. చేయి రాలేదు.

ఆలేరు దాకా వచ్చి నా ఇంట్లో మంచినీళ్లు ముట్టకుండా పోయావు. రైలు వేళ అన్నావు. గాజుల దుకాణంలో చాయ్ తాగే వేళ దొరికిందని బాబా మియా చెప్పాడు. నువ్వు పోయాక ఆయన తల గోక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. “బిడ్డా, మీ బాపు గట్ల చెప్పిపోయిండు. నేనేం చెయ్యాలె?” అన్నాడు. వెనకే వచ్చిన ఆయన భార్య గులాబ్‌బీ నన్ను మాట్లాడనియ్యలేదు. “అల్లినోళ్ల పేరు మీద అమ్ముతవా, వచ్చి అడిగినోళ్ల పేరు మీద అమ్ముతవా? జర సోంచాయించి చెప్పు” అని మొగుణ్ణే కసిరింది. సరుకు నా పేరుతోనే పోతున్నది. ఉగాది తర్వాత కూడా పోతుంది.

ఐలేశం ఖాళీగా ఉంటే నాకు మాత్రం బాధ కాదా? వాడు నా తమ్ముడు. కాని వాడిని నిలబెట్టడానికి నన్ను చెరిపేస్తానంటే ఒప్పుకోను.

విద్య ఇంకో ఇంటికి పోతుందని భయపడ్డావు. పోయింది బాపూ. గులాబ్‌బీ చెల్లెలు జాహేదాకు నేర్పాను. మా వెనక వాడలో గొర్లు కాసే ఇంటి కోడలు బక్కమ్మకు నేర్పాను. చలికాలం నుంచి మా అరుగు మీదనే కూర్చొని అల్లుతున్నారు. శివరాత్రికి పోయిన సరుకులో వాళ్ల చేతిపనే ఎక్కువ. నీ దగ్గర దాచింది ఏమీ లేదు. నువ్వు అడగలేదు.

ఐలేశాన్ని తప్పకుండా పంపు. తిండికి, పడకకు లోటు చేయను. అయితే నాకు తీరిక లేదు, పట్నం నుంచి కూడా అడుగుతున్నారు. వాడికి బక్కమ్మ నేర్పుతుంది. ముడి వేయడంలో ఆమె చేయి నాకంటే గట్టిది. ఆమె ముందు చాప మీద కూర్చోవాలి. బంగారం పని చేసే అవుసలోళ్ల పిల్లవాడినని మధ్యలో లేవకూడదు. ముడి జారితే మొత్తం విప్పిస్తుంది, నాలుగు మాటలు కూడా అంటుంది. వాడు అలిగి ఇంటికి వస్తే, అన్నం పెట్టి మళ్లీ బస్సెక్కించు.

ఇట్లు,
ఆలేరు శ్యామలమ్మ