సంచిలో మందులు

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్లో చెబుదామంటే సగంలోనే ఎవరో ఒకరు నన్ను పిలుస్తారు, అందుకే రాస్తున్నాను. ఆసుపత్రిలో రోగుల సేవ, ఇంటికొస్తే మళ్ళీ అదే. అత్తగారికి మోకాళ్ళు, మీ బావకి బీపీ, పిల్లకి పరీక్షలు. అలిసిపోయానురా. ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను.

అటక సర్దుతుంటే మన పాత వీడియో గేమ్ దొరికింది. నువ్వు బడి నుంచి రాగానే ఊళ్ళు తిరుగుతూ, రాక్షసులతో పోరాడుతూ నెలల తరబడి ఆడామే, అదే. టీవీకి తగిలిస్తే పనిచేసింది. చెవులు చిల్లులుపడే ఆ పాట కూడా మారలేదు. మనం ఆపిన చోటే, ఆఖరి కోట గుమ్మం ముందు, మన జట్టంతా నిలబడి ఉంది. కత్తివీరుడికి చిన్నోడని, వైద్యం చేసే ఆమెకి అక్క అని నువ్వే పేర్లు పెట్టావు. అందరి ప్రాణం గీతలూ నిండుగా ఉన్నాయి. అక్క గీతలో మాత్రం చివర కాస్త ఎరుపే మిగిలింది. సంచి తెరిస్తే నిండా మందులే. ఒక్కటి నాకు ఇవ్వడానికి నీకు చేతులు రాలేదా? నవ్వుకుందామనుకున్నాను, ఏడుపొచ్చింది.

ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందోనని రిపేరు షాపుకి పట్టుకెళ్తే, ఆయన గేమ్ క్యాసెట్టు విప్పి, "ఆటని గుర్తుంచుకునే బ్యాటరీ అయిపోవచ్చిందమ్మా. మారిస్తే మీరు దాచుకున్న ఆట చెరిగిపోతుంది. మార్చకపోయినా ఇవాళో రేపో పోయేదే" అన్నాడు. మార్చేయమననా? నన్ను అలా చూడలేకపోతున్నాను.

నీ అక్క

అక్కా,

మార్పించకు. రెండో కంట్రోలర్ ఎవరి చేతిలో ఉండేదో గుర్తు తెచ్చుకో. అక్కని ఆడించింది నువ్వే. "మందు వేసుకో అక్కా" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా, "ఇప్పుడొద్దురా, చివర్లో పనికొస్తాయి, నేను సర్దుకుంటాను" అనేదానివి. తర్వాత నీకు ఉద్యోగం వచ్చింది. నీ వంతు నేను ఆడలేక అక్కడే వదిలేశాను.

మొన్న బావని అడిగాను. ఏళ్ళ తరబడి నీ సెలవులు అలాగే పడి ఉన్నాయట. ఏ ఆఖరి కోట కోసం దాస్తున్నావు?

నీ చిన్నోడు

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నీ మీద మండిపడ్డాను. తర్వాత టీవీ పెట్టి, సంచి తెరిచి, అక్కకి ఒక మందు ఇచ్చాను. గీత నిండింది. సంచి నిండుగానే ఉంది.

సెలవు పెట్టాను. "నువ్వు లేకపోతే ఎలాగమ్మా" అంది పెద్ద నర్సు. ఇంట్లోనూ అదే మాట. ఎలాగోలా కానివ్వండి అన్నాను. ఆట పెట్టె తీసుకుని ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. కోటలోకి కలిసే వెళ్దాం, ఆ తర్వాత బ్యాటరీ పోతే పోనీ. వంట నీదే. నేను గరిటె ముట్టుకోను.

అక్క