పిల్లల చేత రాయించిన పగ

బెంగళూరు,
9 జూలై 1945

మా నంజక్కకు, నీ చెల్లెలు భాగీరథి ప్రేమతో రాసేది.

సర్జాపురంలో నువ్వూ బావా కులాసా అనుకుంటాను. ఇవాళ నా కడుపు చల్లబడింది. అమ్మ పోయిన ఆరేళ్లకు వెంకటరాయప్ప నా చేతికి చిక్కాడు. మునిసిపల్ మెంబరునన్న పొగరుతో మన వీధి కొళాయి పెరికించి తన గడప ముందు పెట్టించుకున్నాడు కదా! అమ్మ దూరపు బావికి నడిచి, పాచిపట్టిన మెట్ల మీద జారి, మూడు నెలలు మంచంలో తీసుకుని తీసుకుని పోయింది. పరామర్శకు వచ్చి నాన్నతో ఏమన్నాడో గుర్తుందా? "ముసిలామెకి బిందె ఎందుకప్పా? ఇంట్లో ఆడబిడ్డలు లేరా?" ఆ మాట నేను ఒక్కరోజూ మరవలేదు.

ఇప్పుడు నేను చెప్పే నాలుగో తరగతికి పౌరనీతిలో కొత్త పాఠం వచ్చింది, ఊరి పెద్దలకు అర్జీ రాయడం. వెంకటరాయప్ప పేరిట ఒకటి నేను నల్లబల్ల మీద కన్నడంలో రాశాను, ముప్పై రెండు మందీ దించుకున్నారు. "మా ఇంటి ముందు కొళాయి లేదు. మా వీధి నీళ్లు మీ గడపలో పారుతున్నాయి, మీకు సిగ్గు లేదా?" అని. ఒక్కొక్కటి ఒక్కో చెప్పుదెబ్బ. మునిసిపల్ ప్రెసిడెంటుకూ నకళ్లు పంపించాను. వచ్చే నెలే మునిసిపల్ ఎన్నికలు, అతను మళ్లీ నిలబడుతున్నాడు. హెడ్మాస్టరు ఇది పాఠమే అనుకుంటున్నాడు. అసలు సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను.

నీ
భాగీరథి


బెంగళూరు,
23 జూలై 1945

అక్కా,

పగను పిల్లల నెత్తిన పెట్టకే అని రాశావు. ఒళ్లు మండి నీ ఉత్తరం చించేశాను. ఆ మర్నాడే ప్రెసిడెంటు వెంకటరాయప్పను పిలిపించి నలుగురిలో గడ్డిపెట్టాడని తెలిసింది. తలుపేసుకుని పగలబడి నవ్వాను.

ఆ నవ్వు వారం నిలవలేదు. పేరులేని అర్జీని ఎవరూ లెక్కచేయరని పిల్లలందరి చేతా కింద తమ పేరూ తండ్రి పేరూ ఇంటి నంబరూ రాయించాను. వెంకటరాయప్ప వాటిని వరసగా చదివి, తన మగ్గాల మీద నేసే సొన్నప్ప పేరు పట్టుకున్నాడు. అతన్ని పనిలోంచి తీసేశాడు. సొన్నప్ప కూతురు పిల్లమ్మ క్లాసులో లేచి నిలబడింది.

"మా నాయన్ని పనిలోంచి తీసేసినారు టీచరమ్మా. మా ఇంటి ముందర కొళాయి ఉండాది. మీరు చెప్పినారని లేదని రాసినా. మీరెందుకు రాయలేదు?"

"టీచర్లు అట్లా రాయకూడదమ్మా" అని నసిగాను.

"భయమా?" అంది.

నిజమే. ఉద్యోగం పోతుందనే భయపడ్డాను అక్కా. పదేళ్ల పిల్లల వెనక దాక్కుని రాళ్లు వేశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. వెంకటరాయప్ప మీద మాత్రం ఈ క్షణానికీ జాలి లేదు. రేపు ఒక ఉత్తరం రాస్తున్నాను. నువ్వు అడ్డుచెప్పేలోగానే పోస్టు చేసేస్తాను.

నీ
భాగీరథి


బెంగళూరు,
24 జూలై 1945

వెంకటరాయప్పగారికి,

నమస్కారం రాయడానికి చేయి రావడం లేదు, అందుకే రాయలేదు.

మీకు అందిన ముప్పై రెండు ఉత్తరాల్లో మాటలన్నీ నావి. కొళాయి ఉన్న ఇళ్ల పిల్లల చేతా లేదని రాయించాను. అది నా తప్పు. మీరు మా వీధి కొళాయి పెరికించింది మాత్రం నిజం. అందువల్లే మా అమ్మ పోయింది. ఇంట్లో ఆడబిడ్డలు లేరా అని అడిగారు. ఉన్నాను.

సొన్నప్పను రేపే పనిలో పెట్టుకోండి. ఎవరినో ఒకరిని తీసేయించాలనుంటే నన్ను తీసేయించండి. స్కూళ్ల ఇన్స్పెక్టరుకు ఈ కాగితం చూపిస్తే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మీరు నన్ను క్షమించవద్దు, నేనూ మిమ్మల్ని క్షమించను. ఉద్యోగం పోయిందంటే పగలంతా నాకు ఖాళీ. ఎన్నికల దాకా ఈ పేటలో గడప గడపా ఎక్కి, మా అమ్మ ఎలా పోయిందో నా నోటితో నేనే చెబుతాను.

ఇట్లు,
భాగీరథమ్మ
నాలుగో తరగతి టీచరు