టాప్ చూడమన్నావు

అరకు,
2004 నవంబరు 23, మంగళవారం.

పదకొండు దాకా మంచు విడలేదు. నిన్న కడిగిన కాఫీ గింజలు పరదా మీద ఆరబోసి, కోళ్ళు రాకుండా చుట్టూ ముళ్ళకంప వేసి, ఇప్పుడే కూర్చున్నాను.

దేముడమ్మకి,

అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. నువ్వూ చిట్టీ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఫోను చెయ్యకపోయారా అంటావు. ఎస్టీడీ బూతులో వెనక నలుగురు నిలబడి ఉంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు.

అడిగినవాటికి ముందు జవాబులు. ఆవు ఈనింది, పెయ్యదూడ. మిరియం తీగలకి తెగులు ఆగింది. చిట్టి దుప్పటి మంగ్లు చేత పంపుతాను. హాస్టలు కూడు పడక జ్వరాలు తెచ్చుకున్న పిల్ల ఇప్పుడు నీ దగ్గర ఉండి కాలేజీకి వెళ్తోంది కాబట్టి అమ్మకి నిశ్చింతగా ఉంది. "దాని తల్లి విశాఖపట్నం నుంచి నక్కపల్లి ఆసుపత్రికి రోజూ ఎల్లొత్తంది కదా, మరి దాన్నెవరు సూత్తారు?" అని మాత్రం రోజూ అడుగుతుంది.

నువ్వు ఆఖర్న రాసిన మాట కూడా మర్చిపోలేదు. "మంచి పాత కారు దొరికితే ఇద్దరు టీచరమ్మలతో కలిసి డీజిలు పంచుకుని, నేనే నడుపుకుని తిరుగుతాను. దొరక్కపోతే ఉద్యోగం మానేసి వచ్చేయమంటారా? ఒక్క మాట రాయండి." ఆ ఒక్క మాటా రాయలేకే ఇన్నాళ్ళూ ఆలస్యం చేశాను. ముందు బళ్ళ సంగతి రాస్తాను.

జీపు తోలేవాడు కదా అని నీ తమ్ముడు మంగ్లుని వెంటబెట్టుకుని ఎస్.కోట వెళ్ళాను. అక్కడ గంగరాజు అనే ఆయన పాత కార్లు అమ్ముతాడు. రైసుమిల్లు వెనక ఖాళీ స్థలంలో ఏడెనిమిది నిలబెట్టి ఉన్నాయి. "ముఖ్యంగా టాప్‌లో ఎలా ఉందో చూడండి" అని నువ్వు రాశావు. ఆ ముక్క మంగ్లుకి చదివి వినిపించాను. వాడు తలూపి, ఒక్కొక్క బండి పైకప్పు మీద గుద్దుకుంటూ వెళ్ళాడు. ఒక ఎర్ర బండి దగ్గర ఆగి, చెప్పులు విడిచి, బానెట్టు మీంచి కప్పు మీదకి ఎక్కేశాడు.

గంగరాజు టీ గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఓరి బాబో! ఏటి సేత్తన్నావురా? దిగు! సొట్ట పడిపోద్ది!"

"మా అప్ప టాప్ సూడమంది. సూత్తన్నాను" అన్నాడు మంగ్లు, కప్పు మీదే గొంతుక్కూర్చుని. "జీపు టాప్ మీద ఎనిమిదిమంది కూసుంటారు. ఇదేటి, నా ఒక్కడికే కిర్రుమంతంది?"

ఉత్తరం చూపించాను. గంగరాజు చదివి, నవ్వు ఆపుకోలేక బండికి చేరబడ్డాడు. "టాప్ అంటే టాప్ గేరు బాబూ! ఆఖరి గేరులో, స్పీడు మీద ఎలాగెల్తాదో సూడమంటంది ఆవిడ!"

"బావా, నువ్వు సదివినోడివి. నువ్వైనా సెప్పొద్దా?" అని మంగ్లు నా మీదకి తిరిగాడు. నాకూ ఆ ఆలోచనే రాలేదు. మన ఊళ్ళో 'టాప్' అంటే ఇంకో అర్థం ఎవరికైనా తెలుసా? ఘాట్ రోడ్డు మీద రెండో గేరు, మహా అయితే మూడు. ఆఖరి గేరు వేసి ఎన్నాళ్ళయిందని మంగ్లునే అడిగితే, ఆలోచించి చెప్తానన్నాడు.

ఆ ఎర్ర బండినే కొండ ఎక్కించి చూశాం. ఏనుగులా ఎక్కింది. బ్రేకు వేస్తే ఉన్నచోటే ఆగింది. హారను వంపు అవతలికి వినబడుతోంది. మంగ్లు అప్పుడే బయానా ఇచ్చేయమన్నాడు. గంగరాజు మాత్రం, "కొండకైతే ఇదే. ఇంతకీ ఏ రోడ్డు మీద తిరుగుతాది?" అన్నాడు. హైవే అన్నాను. "నువ్వా రోడ్డు సూసేవా?" అన్నాడు. చూడలేదు. నువ్వు రోజూ తిరిగే రోడ్డు నేను ఒక్కసారైనా చూడలేదు. బయానా ఇవ్వకుండా వచ్చేశాను.

తరవాతి వారం మళ్ళీ కోట వెళ్తున్నానని మనవాళ్ళందరికీ చెప్పి బయల్దేరాను. కోటలో దిగలేదు. బస్సులు మారి మధ్యాహ్నానికి నక్కపల్లి చేరాను. రోడ్డు పక్క టీ బడ్డీలో బల్ల మీద కూర్చుని లారీ డ్రైవర్లని అడుగుతూ పోయాను: ఈ రోడ్డు మీద బండికి ఏం కావాలి? ఒకాయన టైర్లన్నాడు. ఇంకొకాయన, తేలిక బండి అయితే లారీ దాటినప్పుడు ఆ గాలికే పక్కకి పోతుందన్నాడు. తునికి చెందిన ఒక ముసలి డ్రైవరు చెప్పింది నాకు బాగా నచ్చింది. "ఇక్కడ బండి సెడిపోదు బాబూ. రోడ్డు తిన్నగా ఉంటాది, సప్పుడు ఒకటే లాగుంటాది, మనిసి నిద్దరోతాడు. పక్కన మాటాడే మనిసుండాల." మన ఘాట్ మీద ఎవరైనా నిద్రపోగలరా చెప్పు! అంత తిన్ననైన రోడ్డు నేనెప్పుడూ చూడలేదు. ఎంతసేపు చూసినా విసుగు పుట్టలేదు.

చీకటి పడుతుండగా నువ్వు వచ్చావు.

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. అవతల పక్క, ఒక టీచరమ్మతో, సంచీ చంకన పెట్టుకుని నిలబడ్డావు. బస్సులు వచ్చాయి. నువ్వు చెయ్యి ఎత్తావు. ఒక్కటీ ఆగలేదు. ప్రతిసారీ రెండడుగులు ముందుకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేదానివి. బస్సులో సీటు దొరుకుతోందని రాశావు నాకు. చివరికి ఒక లారీ ఆగితే, ఆవిణ్ణి ముందు ఎక్కించి, చీర దోపి, మంగ్లు జీపు ఎక్కినట్టే నువ్వూ ఎక్కావు.

నేను పిలవలేదు. రోడ్డు దాటి రావడానికి లేచాను కూడా. కానీ నీ ఎదటికి వస్తే నా నోట్లోంచి ఒకే మాట వచ్చేది, 'వచ్చేయ్' అని. నువ్వు వచ్చేసేదానివి. అందుకని బడ్డీ గుంజ పట్టుకుని నిలబడిపోయాను. లారీ కదిలింది. లోపల లైటు వెలుగుతోంది. నువ్వు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నావు, డ్రైవరూ ఆ టీచరమ్మా పగలబడి నవ్వుతున్నారు. నువ్వు కూడా నవ్వుతున్నావు. నీ మొహం ఏడుపుగా ఉంటుందనుకున్నాను నేను.

మర్నాడు కోట వెళ్ళి, జీపు మీద వచ్చిన మంగ్లుని కలుపుకుని, కొండ వద్దు, బళ్ళని పెందుర్తి దాటించి హైవే ఎక్కించమని గంగరాజుని అడిగాను. ఎర్ర బండి ఎనభై దాటేసరికి స్టీరింగు వణికింది. లోపల ఒకటే హోరు, మంగ్లు నా చెవిలో అరవాల్సి వచ్చింది. తెల్లది బాగానే ఉంది కానీ పెట్రోలుది. రోజూ అంత దూరం పెట్రోలు మనవల్ల కాదు. బూడిద రంగు డీజిలు బండి చూడ్డానికి ఏమీ బాగుండదు, ఎడమ తలుపుకి సొట్ట కూడా ఉంది. కానీ ఆఖరి గేరు వేశాక సర్దుకుంది. లారీలు దాటుతున్నా చలించలేదు. వెనక సీట్లో కూర్చుని మంగ్లుతో మెల్లగా మాట్లాడి చూశాను. "ఏటి గొణుగుతున్నావు బావా, సంతలో దొంగ బేరంలాగ?" అన్నాడు. వాడికి ప్రతి మాటా వినబడింది. ఆ బండికే బయానా ఇచ్చాను. టైర్లు కొత్తవి వేయించమన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్న. నువ్వు ఇంట్లో ఉండాలని నాకు ఉంది. ఆ విషయంలో అబద్ధం ఆడలేను. సాయంత్రం పొయ్యి దగ్గర మనిషి అలికిడి లేక, అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ తింటున్నాం. అయినా ఉద్యోగం మానవద్దు. నేను అడిగానని కూడా మానవద్దు. ఆదివారం మంగ్లు బండి తెస్తాడు, నేనూ వస్తాను. వెనక సీట్లో కూర్చుని నక్కపల్లి దాకా నీతో రావాలని ఉంది.

ఒకటి మాత్రం ఎంత ఆలోచించినా తెలియడం లేదు. పదహారేళ్ళ కాపరంలో నువ్వు నాకు చెప్పనిదేదో ఆ లారీ డ్రైవరుకి చెప్పి అంతలా నవ్వించావు. ఏమిటది? వచ్చేలోగా రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
చిట్టి అయ్య