పురికొసతో కట్టిన జత

మునెప్పా,

పోయిన ఆదివారం నీ మనవరాలు కుప్పం నుంచి వచ్చింది. అక్కడ కాలేజీలో చరిత్ర చదువుతోంది. "అమెరికా, సోవియట్ రాజకీయాల మింద ఏ పుస్తకాలు సదివితే బాగుంటాది, తాతా?" అని అడిగింది.

పుంగనూరులో నీ బట్టల కొట్టు, అందులో నువ్వు చదవడానికిచ్చే పుస్తకాల అర గుర్తొచ్చాయి. సోవియట్ నాయకుడి జీవిత చరిత్ర అడిగితే, దానికి ఒక అమెరికా అధ్యక్షుడిది జతచేసి పురికొసతో కట్టి ఇచ్చేవాడివి. "ఒకటే ఇయ్యనప్పా. ఒకరి మాటే ఇని తీర్పు చెప్తే ఎట్లా?" అనేవాడివి. నేను మదనపల్లెకు తెచ్చుకుని, సోవియట్‌ది మాత్రమే చదివి, రెండూ చదివానని చెప్పి తిరిగిచ్చేవాణ్ణి. అమెరికా వాళ్ల గొప్పలు నాకెందుకని మొండితనం.

నువ్వు చనిపోయే ముందు ఇచ్చిన జత నా దగ్గరే ఉండిపోయింది. పిల్లకిద్దామని అందులో అమెరికా పుస్తకాన్ని మొదటిసారి తెరిచాను. నలభయ్యో పేజీలో పాత బస్సు టికెట్టు ఉంది. దాని వెనక నీ పెన్సిల్ రాత: "ఈడిదాకా వస్తే చెప్పప్పా."

నేను చదవడం లేదని తెలిసే ఇచ్చేవాడివన్నమాట.

ఇది ముందు నేను చదవాలి, ఒకటే ఇవ్వడం నీ పద్ధతి కాదు కాబట్టి పిల్లను కొన్నాళ్లు ఆగమన్నాను. టికెట్టు కదల్చకుండా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

ఈ పొద్దు ఈడిదాకా వచ్చినాను, మునెప్పా.