మీగడ గ్రూపు

8 నవంబర్ 2024, శుక్రవారం

నలభై తొమ్మిదేళ్ల వయసులో ఒక గ్లాసు చూసి మనసు పారేసుకున్నాను. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

నిన్న సాయంత్రం ఫిన్‌బార్ బలవంతం మీద బ్రిడ్జి దాటి బహ్రెయిన్ వెళ్లాను. ఫిన్‌బార్ మా ధహ్రాన్ ఆఫీసులో క్వాలిటీ హెడ్, ఐర్లాండ్ మనిషి. మనామాలో అతనికి తెలిసిన పబ్ ఒకటుంది. వాళ్ల దేశపు క్రీమ్ ఏల్ అక్కడ ఒక్క కెగ్, అంటే పీపా, దిగిందట. ఏల్ అంటే బీరే, కానీ బీరులా ముక్కులోకి తన్నదు. గ్లాసులో పోయగానే మొత్తం కలకగా, మట్టిరంగులో ఉంటుంది. కాసేపటికి కింద రాగిరంగు తేరుకుంటుంది, పైన రెండు వేళ్ల మందాన మీగడ నిలుస్తుంది. అంతవరకు ఫిన్‌బార్ గ్లాసు ముట్టుకోనివ్వడు. గ్యాస్‌లో ఎక్కువ భాగం నైట్రోజనట, అందుకే అంత మెత్తన. రెండో గ్లాసు సగంలో ఉండగా కెగ్ అయిపోయింది. మళ్లీ ఎప్పుడొస్తుందంటే మేనేజర్ జోసీ చేతులు తిప్పింది. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకదట.

దాని పేరు ఇక్కడ రాయను. డైరీ నాదే కానీ ఉన్నది సౌదీలో.

12 నవంబర్, మంగళవారం

వాట్సాప్‌లో గ్రూపు పెట్టాం. ధహ్రాన్, ఖోబర్ కలిపి ఎనిమిది మందిమి. పేరు నేనే పెట్టాను, మీగడ. ఎవరైనా ఫోన్ చూసినా పాల గురించి అనుకుంటారు. ఫిన్‌బార్‌కి ఆ మాట నేర్చుకోవడానికి లంచ్ అవర్ అంతా పట్టింది. జోసీ కబురు పెట్టగానే గ్రూపులో రాయాలి, ఎవరి కార్లో ఎవరు వెళ్లాలో తేల్చుకోవాలి. నేను ప్లానింగ్ ఇంజనీర్ని. ప్రాజెక్టు షెడ్యూల్ మీద లేని ఉత్సాహం దీని మీద వచ్చింది.

21 నవంబర్, గురువారం

ఒక్కటే చిక్కు. తాగి బ్రిడ్జి మీద కారు నడిపితే కొంప మునుగుతుంది. ట్యాక్సీ కోసం పోయినసారి పడ్డ పాట్లు చాలు. తాగని మనిషి ఒకడు కావాలి.

మనిషి ఎదురుగానే ఉన్నాడు. రోజూ నన్ను సైట్‌కి తీసుకెళ్లే ఆఫీసు డ్రైవర్ దేవన్న. నిజామాబాద్ జిల్లా, భీంగల్ దగ్గర ఊరు. నాది కరీంనగర్, అందుకని నాతో చనువు. ఇవాళ దారిలో కదిలిస్తే తన కథ చెప్పాడు. ఊళ్లో బాగా తాగేవాడట. పొద్దున లేస్తే కల్లు కంపౌండ్, రాత్రికి సీసా. ముందు దుబాయ్ వీసా వచ్చిందట. భార్య స్వర్ణ ఏజెంట్ దగ్గరికి తానే పోయి, దుబాయ్ వద్దు, ఆడ మందు దొర్కుతది, తక్వ జీతమైనా మంచిదే సౌదీకే తోలుర్రి అని చెప్పిందట. వచ్చినప్పటి నుంచి చుక్క ముట్టలేదు. మొదట్లో చేతులు వణికినయి సారు, ఇప్పుడు చూడుర్రి అని స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి ఎత్తి చూపించాడు. రాయిలా ఉంది.

ఫిన్‌బార్‌కి చెప్పాను. అతను నవ్వలేదు. అలాంటి మనిషిని పబ్బుకి తీసుకెళ్లకూడదు అన్నాడు. తన అన్న మూడుసార్లు మానేశాడట. అందుకే తీసుకెళ్లాలి, అంతకంటే నమ్మకమైన డ్రైవర్ ఎక్కడ దొరుకుతాడు అన్నాను నేను. నా తర్కం నాకే ముచ్చటేసింది.

28 నవంబర్, గురువారం

హెచ్‌ఆర్‌లో మతీన్ సాబ్‌ని పట్టుకుని దేవన్నకు ఎన్నిసార్లైనా దేశం దాటి వచ్చే మల్టిపుల్ ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఇప్పించాను. నా కారు అతను నడపడానికి తఫ్వీద్, అంటే అనుమతి పత్రం కూడా రాయించాను. బహ్రెయిన్‌లో ఏం పని అని మతీన్ అడిగాడు. వెండార్ మీటింగులు అన్నాను. ఆడ ఏముంటది సారు అని దేవన్న అడిగాడు. సముద్రం అన్నాను. సముద్రం ఈడ గూడ ఉన్నది గద సారు అన్నాడు.

6 డిసెంబర్, శుక్రవారం

నిన్న ముగ్గురం వెళ్లాం. దేవన్న పార్కింగ్‌లో కార్లోనే కూర్చుంటానన్నాడు. డ్రైవర్లకు లైమ్ సోడా ఫ్రీ అని జోసీ చెప్పింది. అతన్నొక్కణ్నీ బయట కూర్చోబెట్టడం నాకు మర్యాదగా అనిపించలేదు. నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. కుర్చీ తిప్పుకుని తలుపు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు, వెళ్లేదాకా అలాగే ఉన్నాడు. మీగడ రాలేదు. మామూలు బీరు తాగి వచ్చాం.

13 డిసెంబర్

లేదు.

3 జనవరి 2025, శుక్రవారం, ఉదయం 11

వచ్చింది! కొత్త సంవత్సరం కెగ్. నిన్న సాయంత్రం జోసీ మెసేజ్ పెట్టిన పది నిమిషాల్లో గ్రూపంతా రోడ్డు మీద ఉంది. ఎనిమిది మందిమీ ఒక టేబుల్ చుట్టూ, పెళ్లిలో మొదటి బంతికి కూర్చున్నట్టు. గ్లాసులు వరసగా పెట్టి తేరుకునే దాకా ఎవరమూ ముట్టుకోలేదు.

దేవన్న కుర్చీ ఇటు తిప్పాడు. మొదటిసారి. నురగ పైకి లేస్తుంటే చూస్తున్నాడు. అచ్చం పొద్దుగాల లొట్టి దించినట్టే ఉన్నది సారు అన్నాడు. అందరం నవ్వాం. నేను ఫిన్‌బార్‌కి లొట్టి అంటే కల్లు కుండ అని అనువాదం చేసి చెప్పాను. కల్లు మీద నురగ, చెట్టు కింద తాగడం, అన్నీ చెప్పాను. మంచి హుషారులో ఉన్నాను. తర్వాత నా గ్లాసు అతని ముందుకు జరిపాను. ఉత్త మీగడ, రుచి చూడు, మందు కింద ఉంది, పైన ఏమీ లేదు అన్నాను. వద్దు సారు అన్నాడు. మళ్లీ అడిగాను. నాకు వద్దు సారు అన్నాడు. మూడోసారి ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు, మన భాషలో ఏదో పరాచికం. వేలితో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఫిన్‌బార్ తప్ప టేబుల్ అంతా చప్పట్లు కొట్టింది.

తిరుగు దారిలో చక్కగా నడిపాడు.

5 జనవరి, ఆదివారం

ఫిన్‌బార్ నా క్యాబిన్‌కి వచ్చి, అతన్ని ఇక తీసుకురావద్దు అన్నాడు. అతను చిన్నపిల్లాడు కాదు, వేలెడు నురగకి ఇంత గొడవా అన్నాను. మా వాళ్ల గురించి నాకు తెలియదా అని కూడా అన్నాను.

17 జనవరి, శుక్రవారం

కెగ్ అడుగున మిగిలింది నిన్న మాకు దక్కింది. దేవన్న అర గ్లాసు తాగాడు. ఈసారి నేను అడగలేదు. ఇది కల్లంత గూడ లేదు సారు, నీళ్లే అన్నాడు. కాఫీ షాపులో చాలాసేపు కూర్చోబెట్టి, ముఖం కడిగించి బయల్దేరాం. ఫిన్‌బార్ మాతో రాకుండా ట్యాక్సీలో వెళ్లిపోయాడు.

ఏమీ కాలేదు. అతనే నడిపాడు, మూడు చెక్‌పాయింట్లూ దాటాం. ఏమీ కాలేదని రాసి పెట్టుకుంటున్నాను.

23 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున కారెక్కగానే గుడ్ మార్నింగ్ లేదు. మీగడ వచ్చిందా సారు అన్నాడు. పోయిన వారమంతా అదే మాట. రాలేదన్నాను.

17 మార్చి, సోమవారం

ఫిన్‌బార్ వాళ్ల పెద్ద పండగ ఇవాళ. రంజాన్ కాబట్టి బహ్రెయిన్‌లో కూడా పబ్బులు బంద్. సాయంత్రం అతనికి నా గదిలో అల్లం టీ పెట్టి ఇచ్చాను. జనవరి తర్వాత సరిగ్గా మాట్లాడుకోవడం ఇదే. మీ డ్రైవర్ ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడు అన్నాను.

బాగా లేడు. కొన్నాళ్లుగా పొద్దున్నే కార్లో యాలకుల వాసన. ఒకటి నమలడం కాదు, గుప్పెడు. ఆ యాలకులు ఎందుకో నాకు తెలుసు, మా చిన్నాన్న కూడా అలాగే నమిలేవాడు. లేబర్ క్యాంపు వెనక ఎవరో దొంగతనంగా సారా కాస్తారు, దాన్ని ఇక్కడ సిద్దీఖీ అంటారు. పంచదార, ఈస్టు, పొయ్యి. నెలకోసారి దొరికే మెత్తటి మీగడ కోసం అతను ఎన్నాళ్లు ఆగుతాడు? నాకు ఆగడం సరదా. అతనికి కాదు. ఇది నవంబర్‌లో ఎందుకు తట్టలేదు?

అడుగుదామనుకున్నాను. దిగేటప్పుడు, జాగ్రత్త దేవన్నా అని మాత్రం అన్నాను.

9 ఏప్రిల్, బుధవారం

స్వర్ణ ఫోన్ చేసింది. నా నంబర్ ఎలా దొరికిందో తెలియదు. అన్నా అని పిలిచింది. దేవన్న ఈ మధ్య శుక్రవారాలు ఫోన్ చేస్తలేడట, చేసినా మాట ముద్దగా వస్తోందట. నిద్ర సాల్తలేదు అంటడు, నిజమేనా అన్నా అని అడిగింది. నిజమే, డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయి అన్నాను. తాగుతలేడు గద అన్నా, అంది.

ఇక్కడ ఎక్కడ దొరుకుతుందమ్మా అన్నాను.

గదే నా ధైర్నం అన్నా, మీరు పక్కనున్నరు, మీ మీద బరువేసి పండుకుంట అంది. ఫోన్ పెట్టేశాక గదిలో కూర్చోలేకపోయాను. కాంపౌండ్ గోడ వెంబడి తిరిగాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె ఇక్కడికి ఫోన్ చేసి తిట్టేది, ఏడ్చేది, ఏదో ఒకటి చేసేది. ఆ అవకాశం కూడా నేనే పోగొట్టాను.

24 ఏప్రిల్, గురువారం

సైట్ గేటు దగ్గర రివర్స్ చేస్తూ దేవన్న వెనక స్తంభాన్ని గుద్దాడు. పొద్దున ఆరున్నర. కార్లో నేనూ ఉన్నాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సేఫ్టీ వాళ్లు ఊదించే మెషీన్ తెచ్చారు. అంతే.

పోలీసుల దాకా పోకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తామని కంపెనీ అంది. అది దయే. మతీన్ సాబ్ గదిలో ఎంక్వైరీ జరిగింది, సూపర్‌వైజర్‌గా నన్నూ కూర్చోబెట్టారు. బహ్రెయిన్ ఎవరితో పోయేవాడివి అని మతీన్ ఉర్దూలో అడిగాడు. అకేలా గయా సాబ్ అన్నాడు దేవన్న, ఒక్కణ్నే పోయానని. మతీన్‌కి ఎవరితోనో తెలుసు, ఆ కాగితాలు చేసింది అతనే. నా వైపు చూశాడు. నేను ఏసీ వైపు చూశాను.

నోరు విప్పితే నా ఉద్యోగం కూడా పోయేది. పోతే పోయేది. ఇప్పుడు రాస్తున్నాను ఈ మాట, అప్పుడు కాదు.

1 మే, గురువారం

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. నేను నడుపుతుంటే అతను పక్కన కూర్చోవడం అదే మొదటిసారి, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ముడుచుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. వొళ్లో దాచుకున్నాడు.

క్షమించమని అడిగాను. మీరేం జేసిండ్రు సారు, నోరు నాది గద అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కటే కోరాడు. స్వర్ణకు మాత్రం ప్రాజెక్టు అయిపోయిందని చెప్పుర్రి, మీరు జెప్తే నమ్ముతది అన్నాడు.

చెప్పాను. నమ్మింది.

20 జూన్, శుక్రవారం

స్వర్ణ మళ్లీ ఫోన్. దేవన్న రోజూ కల్లు కంపౌండ్‌లోనే ఉంటున్నాడట, చీకటి పడ్డాక ఎవరో తెచ్చి అరుగు మీద పడేసి పోతున్నారట. ఏడవలేదు. పని చెప్పినట్టు చెప్పింది. ఏదన్న జేసి మల్ల సౌదీకే వీసా చూడు అన్నా, ఆడ నీ దగ్గరున్నన్ని దినాలు ఎంత మంచిగున్నడు, అంది.

చూస్తానమ్మా అన్నాను. అలా పంపేసిన మనిషికి కంపెనీ మళ్లీ వీసా ఇవ్వదు. అదీ చెప్పలేదు.

ఈ సాయంత్రం ఫిన్‌బార్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. నీ మాట వినాల్సింది అన్నాను. అతను, ఆమెకు నిజం చెప్పు అన్నాడు. తన అన్న విషయంలో కూడా వదినకు అందరూ ఆఖరునే చెప్పారట.

14 ఆగస్టు, గురువారం, మధ్యాహ్నం 2

జోసీ మెసేజ్. ఇకనుంచి మీగడ ఎప్పుడూ ఉంటుందట, కొత్త డిస్ట్రిబ్యూటర్ దొరికాడు. గ్రూపులో ఏడు బొటనవేళ్లు. నేనూ ఒకటి పెట్టాను. తర్వాత తీసేశాను.

వెంటనే స్వర్ణకు ఫోన్ చేశాను, ఇవాళ చెప్పేద్దామని. ఆమె బీడీల కార్ఖానాకు పోయిందట. ఫోన్ దేవన్న ఎత్తాడు. నా గొంతు గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది.

మీగడ వచ్చిందా సారు అన్నాడు.

రాలేదు దేవన్నా అన్నాను.

వస్తె చెప్పుర్రి సారు అన్నాడు.